దూది మీద పడ్డ నింద

మా పాపని గుంటూరులో హాస్టలున్న బడిలో వేసేద్దామని మా బావగారు అన్నప్పుడు దానికి ఏడేళ్ళు. అన్నం తనంతట తాను కలుపుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. జడ వేసుకోవడం రాదు. ఆయన మాత్రం పరుపుల లోడు ఎక్కడ దించాలో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు.

"ఈ దూదిలో ఉంటే పిల్ల దక్కదమ్మా. హాస్టల్లో అయితే గాలి బాగుంటది. పండగలకి తెచ్చుకుందాం."

మాది సత్తెనపల్లిలో పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టే ఇల్లు. ముందు గది షాపు, వెనక రేకుల షెడ్డులో దూది ఏకే మిషను, ఆ పక్కన మేముండే గదులు. మా మామగారి తాతల కాలం నుంచీ ఇదే పని. అప్పట్లో ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాళ్ళట. ఇప్పుడు మిషను నొక్కితే చాలు, సన్నటి నూగు లేచి కనురెప్పల మీద, కూరగిన్నె మూత మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. నేను ఆ పక్కనే కూర్చుని పరుపులకి గలీబులు కుడతాను. మా ఆయన, ఆయన అన్నగారైన బావగారు షాపు చూసుకుంటారు.

పాపకి నాలుగో ఏట ఉబ్బసం అని తేలింది. గుంటూరు డాక్టరు గారు రోజూ పొద్దునా సాయంత్రం పీల్చే పంపు రాసిచ్చారు. దాన్ని నేను ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. మామూలు రోజుల్లో పిల్ల బాగానే ఉండేది. జ్వరం వచ్చిందంటే మాత్రం నా ప్రాణం మీదికొచ్చేది. ఒళ్ళు కాలుతుంది, సిరప్పు పోస్తాను, జ్వరం దిగుతుంది, హమ్మయ్య అనుకునేలోపు పిల్లికూతలు మొదలవుతాయి. డొక్కలు ఎగరేస్తూ, మెడ దగ్గర గుంటలు పడుతూ, మాట కూడా పూర్తిగా చెప్పలేక నా మొహంలోకి చూస్తుంది. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తడం, మూతికి మాస్కు పెట్టి ఆవిరిమందు పట్టించడం, మళ్ళీ జ్వరం వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ ఉండడం. ఇదీ మా బతుకు.

జ్వరాలప్పుడు ఉబ్బసం పిల్లలకి ఆయాసం రావడం మామూలేనని డాక్టరు గారు కూడా అన్నారు. అందరూ తలూపి, జ్వరంతో పాటు దూది కూడా కారణమని తేల్చేశారు. నేను తలూపలేదు. నాకు దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. అందుకే మా ఆయన నాకు సీఐడీ అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ, నాకేం సిగ్గు లేదు. దూదే కారణమైతే, దూది కుప్ప మీద పొర్లాడే రోజుల్లో ఈ పిల్లకి తుమ్మైనా ఎందుకు రాదు? ఆ ముక్క అడిగితే అందరూ మళ్ళీ దూదినే చూపించేవాళ్ళు.

అందుకని నేనే ఆరా తీయడం మొదలెట్టాను. ముందు సిరప్పు మీద అనుమానం. సీసా పట్టుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఒట్టి పారాసిటమాలేనమ్మా. బరువుకి తగ్గట్టే పోస్తున్నారు. ఇదే వాడండి," అన్నారు. అయినా మందుల షాపు మార్చాను. వాడేదో పాత సరుకు అంటగడుతున్నాడేమోనని. తర్వాత ఎదురింటివాళ్ళు వెలిగించే దోమల చుట్ట మీద, రోడ్డు మీద పోయే మిరపకాయల లారీల మీద, ఆఖరికి పక్కింటి పిల్లి మీద కూడా అనుమానపడ్డాను. పిల్లిని కర్రతో తరిమితే మా ఆయన పడీపడీ నవ్వాడు.

"దాన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళి రెండు తగిలిద్దామా?" అన్నాడు.

"నవ్వండి నవ్వండి. రేపు పిల్ల హాస్టల్లో ఒంటరిగా రొప్పుతుంటే అప్పుడు కూడా ఇలాగే నవ్వండి," అన్నాను. నవ్వు ఆగిపోయింది.

బావగారి మీద కూడా నాకు అనుమానమే. మేముండే గదుల్లో ఒకటి ఖాళీ అయితే సరుకు పెట్టుకోవచ్చని ఆయన చాలాకాలంగా అంటున్నాడు. పిల్ల ఆరోగ్యం మీద ఇంత ప్రేమ ఉన్నట్టుండి ఎక్కడి నుంచి ఊడిపడింది? ఈ మాట మా ఆయనతో అంటే, "అన్నయ్యని కూడా వదలవా నువ్వు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇక మా అత్త. ఆమె చలికాలంలో పత్తి తీతకి, ఎండలు ముదిరాక మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి వెళ్తుంది. వెళ్ళాల్సిన అవసరం లేదు. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయంటుంది. మనవరాలంటే ఆమెకి పంచప్రాణాలు. కల్లం నుంచి వస్తూనే, ఆ ఘాటు చీరతోనే పిల్లని ఒళ్ళోకి లాక్కునేది. నేను ఒంటికాలి మీద లేచాను. దొడ్లో స్నానం చేసి, చీర మార్చుకుంటేనే పిల్లని ముట్టుకోవాలన్నాను. ఒకసారి జ్వరంలో పిల్ల నాలుక మీద ఏదో కొమ్ము అరగదీసి రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"నన్నడక్కుండా పిల్ల నోట్లో ఏదీ పెట్టడానికి వీల్లేదు అత్తయ్యా. చెప్తున్నాను."

"అట్టాగేలే దొరసానీ. నలుగుర్ని పెంచినదాన్ని, ఇప్పుడు నీ దగ్గర నేర్చుకోవాలి," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె నా ఎదుట ఏదీ పెట్టలేదు. నేను గెలిచాననుకున్నాను.

హాస్టలు మాట మళ్ళీ మళ్ళీ వచ్చేసరికి నేనే ఒక బేరం పెట్టాను. వినుకొండలో మా చెల్లి ఉంది. వేసవి సెలవులకి పిల్లని అక్కడ ఉంచుదాం. అక్కడ దూదీ లేదు, కల్లమూ లేదు. అక్కడా ఆయాసం వస్తే దూది తప్పు కాదని అందరూ ఒప్పుకోవాలి. బావగారు మీసం దువ్వుకుని, "రాకపోతే?" అన్నాడు. రాకపోతే హాస్టలేనని నేనే ఒప్పుకున్నట్టయింది.

పిల్ల అక్కడ హాయిగా ఉంది. రోజూ ఫోన్లో నవ్వు వినిపించేది. కొండ మెట్లు ఎక్కానని ఒకరోజు, బాబాయి బండి మీద సినిమాకి వెళ్ళానని ఒకరోజు చెప్పేది. తల్లి అన్నాక పిల్ల బాగుంటే సంతోషించాలి. నాకు మాత్రం ఆ నవ్వు వింటుంటే గుండెలో రాయి పడ్డట్టుండేది. ఒక్క దగ్గు దగ్గితే బాగుండునని ఒకసారి అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసింది. బావగారు అప్పుడే సీటు మాట్లాడి వచ్చాడు. రేకు పెట్టె ఎంత సైజుది కొనాలో కూడా షాపులో చర్చ నడుస్తోంది.

అప్పుడు మా అత్త, పిల్లని చూడాలని ఉందంటూ జంతికలు వేయించుకుని వినుకొండ వెళ్ళింది. వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం చెల్లి ఫోను.

"అక్కా, కంగారు పడకు. పాపకి ఆయాసం వచ్చింది. ఆస్పత్రికి తెచ్చాం. మందు పడుతున్నారు, ఇప్పుడు కొంచెం నయం."

కుడుతున్న గలీబు అక్కడే వదిలేసి బస్సెక్కాను. దారి పొడుగునా నా బుర్రలో ఒకటే ప్రశ్న. ఇన్నాళ్ళూ రానిది ఇవాళే ఎందుకొచ్చింది? అత్త వెళ్ళింది. ఆమె చీరలో ఘాటు పోయిందా? జంతికల్లో ఏ నూనె వాడింది? నరసరావుపేట దాటేసరికి ఆమెని మనసులోనే నిలబెట్టి కడిగిపారేశాను.

వార్డులో పిల్ల మాస్కుతో కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర నేల మీద అత్త, మొహం పీక్కుపోయి. నేను చెల్లిని అడగడం మొదలెట్టాను.

"జ్వరం వచ్చిందా?"

"లేదక్కా."

"జలుబు?"

"అదీ లేదు. పొద్దున మెట్ల మీద ఆడుతూ పడింది. చీలమండ వాచి ఒకటే ఏడుపు. ఐసు పెట్టాను. మీ అత్తమ్మగారు జోకొడితే నిద్రపోయింది. లేచేసరికి ఇలా."

"మీ ఇంట్లో దూది పరుపులేమైనా..."

"అక్కా, మావి కొబ్బరిపీచు పరుపులు. మీ దగ్గర కొననందుకు ఇప్పటికీ మీ ఆయన సాధిస్తున్నాడుగా!"

జ్వరం లేదు, జలుబు లేదు, దూది లేదు, మిరప ఘాటు లేదు. మరి ఏముంది? నేను అత్త వైపు చూశాను. ఆమె నా కళ్ళల్లోకి చూడలేదు.

"అత్తయ్యా, మీరేమైనా పెట్టారా?"

"నేనేం పెడతానమ్మాయ్? జంతిక ముక్క తప్ప..."

పిల్ల మాస్కు పక్కకి లాగి, ఎంతో మామూలుగా అంది. "చేదు తేనె పెట్టిందిగా. జ్వరమొచ్చినప్పుడు పెడుతుంది చూడూ, అదే. నీకు చెప్తే తిడతావని చెప్పొద్దంది."

జ్వరమొచ్చినప్పుడల్లా! నేను సిరప్పు పోసి, తడిగుడ్డ కోసమో నీళ్ళ కోసమో అటు వెళ్ళిన ప్రతిసారీ!

అత్త నెమ్మదిగా కొంగు ముడి విప్పింది. అందులో ఒక తెల్లటి మాత్ర, సగానికి కొరికింది. కల్లాల్లో, చేలల్లో కూలీల మేస్త్రీ టీతో పాటు ఒళ్ళునొప్పులకి ఒక్కో మాత్ర పంచుతాడు. అది వేసుకుంటేనే మర్నాడు నడుం లేస్తుందని ఆడవాళ్ళంతా చెయ్యి చాపుతారు. స్ట్రిప్పులోంచి అప్పటికే ఒలిచి ఉంటాయి గనక, దాని పేరేమిటో మింగేవాళ్ళకి తెలియదు. పెద్దవాళ్ళకి ఒకటి, పిల్లలకి సగం. మా వైపు ఏ ఇంట్లోనైనా ఇదే లెక్క. ఏ నొప్పికైనా, ఏ జ్వరానికైనా.

"ఆ సిరప్పుదేముంది, పంచదార పాకం. దాంతో ఏం తగ్గుద్ది? ఇది నలిపి తేనెలో పెడితే ఒళ్ళు చల్లబడేది. పిల్ల బాధ చూడలేక..."

నేను నెత్తిన నోరు పెట్టుకుని అరిచాను. ఏం అన్నానో అన్నీ రాయను. పిల్లని మీ చేత్తోనే చంపేసేవాళ్ళు అన్న మాట మాత్రం అన్నాను. వార్డంతా మావైపు తిరిగింది. డాక్టరమ్మ వచ్చి, "అరవాలంటే బయటికి వెళ్ళండి, పిల్ల బెదిరిపోతోంది," అని నన్నే గదిమింది. తర్వాత ఆ సగం మాత్రని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"దీని పేరేంటి?"

ఎవరికి తెలుసు? మా ఆయనకి ఫోను చేశాను. ఆయన మేస్త్రీ ఇంటికి వెళ్ళి, స్ట్రిప్పు వెనక అట్టని ఫొటో తీసి పంపాడు. డాక్టరమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివింది. పారాసిటమాలుతో పాటు డైక్లోఫినాక్ అని ఇంకో నొప్పి మందు కలిసి ఉంది.

"ఇదీ, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, అన్నీ ఒక జాతివి," అంది ఆమె. "ఉబ్బసం ఉన్న పిల్లలందరికీ ఇవి పడవని కాదు. కొందరికి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి. ఇవాళ జ్వరం లేదు, జలుబు లేదు, ఇది వేశాక వచ్చింది కాబట్టి మీ పాపకి పడదనే అనుకుని ఇక నడుచుకోవాలి. జ్వరానికైనా నొప్పికైనా ఒట్టి పారాసిటమాల్, బరువుకి తగినంత. సీసా మీద రెండో మందు పేరుంటే కొనొద్దు. పేరు మారినా లోపల అదే ఉంటుంది, చిన్న అక్షరాలు చదవాలి. ఆస్పిరిన్ అయితే, మేం చెప్పకుండా ఏ పిల్లలకీ ఇవ్వొద్దు. ఎవరైనా నొప్పికి సూది వేయబోతే ముందు ఈ సంగతి చెప్పండి."

"దూది?" అని అడిగాను.

"దూది ధూళి మంచిదని నేననను. పిల్ల పడుకునే గదిలోకి రానివ్వకండి. పంపు మానొద్దు."

డాక్టరమ్మ వెళ్ళాక కూడా నా అనుమానం చల్లారలేదు. అత్త ఇంకా ఎన్ని దాచింది? ఎక్కడ కొంటోంది? అదే అడిగాను. "మేస్త్రీ మనిషికి ఒకటే ఇస్తాడు గదా. మీ దగ్గర ఎప్పుడూ సగం మిగిలే ఉంటోంది. ఎక్కడివి ఇవన్నీ?"

"కొనలేదే తల్లీ. నాకిచ్చిందాన్లోనే సగం కొరికి వేసుకునేదాన్ని. పిల్లకెప్పుడు జ్వరమొస్తదో తెలవదు గదా, సగం దాచేదాన్ని."

కాయలేరి వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చునే మనిషి ఆమె. నడుం నొప్పితో మూలుగుతుంటే, ఊరికే సానుభూతి కోసమని నేను అనుమానపడిన రోజులున్నాయి. పిల్ల వాచిన కాలు నిమురుతూ కూర్చున్నాను.

సత్తెనపల్లి వచ్చాక బావగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "మాత్రో దూదో, ఒక్కసారికే ఎట్టా చెప్తాం? మళ్ళీ జ్వరం రానీ. అప్పుడు ఆయాసం వచ్చిందా, పెట్టె సర్దాల్సిందే," అన్నాడు. అందులో న్యాయం లేదని నేను అనలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. పిల్ల గదికీ షెడ్డుకీ మధ్య తలుపు సందులు మూయించాం. మిషను ఆడేటప్పుడు అటు వెళ్ళనివ్వడం మానేశాం. బావగారు సీటు మాత్రం వదులుకోలేదు.

తొలకరి వానలకి జ్వరం వచ్చింది. పొద్దున్నే ఒళ్ళు పెనంలా కాలింది. సీసా మీద అక్షరాలు చదివి, కొలిచి, పారాసిటమాల్ పోశాను. పంపు పక్కనే పెట్టుకున్నాను. అందరం కళ్ళల్లో ఒత్తులేసుకుని కూర్చున్నాం. మా ఆయన షాపులోంచి ఏదో వంకతో లోపలికి వచ్చి పోతున్నాడు. బావగారు మిషను ఆపేయించి వరండాలో పచార్లు. అత్త మాత్రం గదిలోకి రాలేదు. గడప అవతలే కూర్చుంది. "నానమ్మా, రా," అని పిల్ల పిలిచినా లేవలేదు. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.

మధ్యాహ్నానికి చెమట పట్టి జ్వరం దిగింది. ఇక్కడి నుంచే కదా అసలు భయం. నేను చొక్కా పైకెత్తి డొక్కలు చూస్తూనే ఉన్నాను. అవి ఎగరలేదు. సాయంత్రం దాకా చూశాను. చిన్న దగ్గు తప్ప ఏమీ లేదు. పిల్ల లేచి కూర్చుని, పప్పన్నం కావాలంది. బావగారు వచ్చి దాని వీపుకి చెవి ఆనించి, పెద్ద డాక్టరులా కళ్ళు మూసుకుని విన్నాడు.

"కూతల్లేవు," అన్నాడు. పిల్ల చొక్కా కిందికి దించి, "సీటు వద్దని చెప్పేస్తాలే," అన్నాడు. మా ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నేనైతే ఏడ్చేశాను. దాచుకోవడం ఎందుకు? నా పిల్ల నా దగ్గరే ఉంటుంది.

ఒక్క జ్వరంతో అంతా తేలిపోయినట్టు కాదని, పంపు దగ్గరే ఉంచుకోవాలని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. సరేనన్నాను. అన్నం కలపడానికి లేస్తే, గడప దగ్గర అత్త నా చీర చెంగు పట్టుకుంది. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతుంటే ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మాయ్, ఇవాళ రాలేదంటే... అప్పుడు వచ్చినయ్యన్నీ నా వల్లేనా?"

నేను ఎవరికీ తేలిగ్గా క్షమాపణలు చెప్పే మనిషిని కాదు. తేలిగ్గా క్షమించే మనిషినీ కాదు. కాదు అత్తయ్యా అంటే అబద్ధం. ఔనంటే ఆమె ఆ గడప దగ్గర నుంచి మళ్ళీ లేవదు. ఆ చేతులతో నా పిల్లని ముట్టుకోవడం ఆమె ఇక మానేస్తుందని నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే, మానేస్తే మంచిదేనని నాలో ఒక మూల ఇంకా అనిపిస్తూనే ఉంది.

పప్పన్నం గిన్నె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. పిల్లని ఎత్తుకొచ్చి పక్కన కూర్చోబెట్టాను.

"నాకు గలీబులు చాలా ఉన్నాయి అత్తయ్యా. మీరే పెట్టండి," అన్నాను.

షెడ్డులోకి వెళ్ళి కుట్టు మిషను ముందు కూర్చున్నాను. తలుపు మూసేశాను. లేచి వెళ్ళి ఒక్కసారి తొంగి చూడాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు. వెళ్ళలేదు.